సంగటి గుంటలో ఎర్ర పులుసు

అంజనప్ప తాలింపు వేస్తే పక్క ఊరి పెండ్లికొడుకు తుమ్ముతాడని పుంగనూరు చుట్టుపట్ల ఒక మాట ఉండేది. అది పొగడ్తో ఫిర్యాదో అతడు ఎన్నడూ ఆరా తీయలేదు. మేకలూ ఆవులూ మేపుకునే ఇంట్లో పుట్టి, కర్ర పట్టాల్సిన చేత్తో గరిటె పట్టినవాడు. మదనపల్లె మొదలు కుప్పం దాకా ఎక్కడ వేటపోతు తెగినా, ఎవరి పందిట్లో గంగాళం పొయ్యెక్కినా అంజనప్పకు కబురు వెళ్ళేది. మనిషి ఎండిన మునగకాయలా పొడుగ్గా ఉండేవాడు. ముక్కు మాత్రం అతనికంటే ఒక అడుగు ముందు నడిచేది. కాగిన నూనెలో ఎండుమిరపకాయ పడగానే ఆ ముక్కుపుటాలు ఎగరబోయే పిట్ట రెక్కల్లా అదిరేవి.

డెబ్బైల మొదట్లో కుప్పం నుంచి ముత్యాలమ్మ అతనికి భార్యగా వచ్చింది. పట్టుపురుగులు పెంచే ఇంటి ఆడబిడ్డ. పురుగులున్న ఇంట్లో గట్టిగా మాట్లాడరు కాబట్టి ఆమె మాటలు కూడా మల్బరీ ఆకు మీద నడిచినట్టు మెత్తగా ఉండేవి. ఆమె వంట కూడా అంతే. వాన వెలిసిన సాయంత్రంలా నిమ్మళంగా ఉండేది. ఆ నిమ్మళాన్ని అంజనప్ప ఒక్క పూటా బతకనివ్వలేదు.

"ఉప్పు గడప దాకా వచ్చి నిలిచిపొయ్యిందే," అనేవాడు ముద్ద నోట్లో పెట్టుకుని. "ఇంగొక ఉడుకు పడాల్సింది," అనేవాడు మజ్జిగ పోసుకుంటూ. పెండ్లిళ్ళలో వందల నోళ్ళ పొగడ్తలు మూటగట్టుకుని ఇంటికొచ్చేవాడు. ఇంట్లో ఆ మూట ముడి ఒక్కసారీ విప్పేవాడు కాదు.

ఒకరోజు ముత్యాలమ్మ కూరగిన్నె అతని ముందు పెట్టి, గరిటెను మాత్రం తీసుకెళ్ళి అతని ఒళ్ళో పెట్టింది.

"ఇదో సూడప్పా. నాలిక నీది, చెయ్యి నాది. రెండూ ఒక ఇంట్లో ఇమిడేటివి కావు. నేను మా అన్న కాడికి పోతాండాను."

"మళ్ళా ఎప్పుడొస్తావు?"

"నేను మారు అడిగే కూడు నువ్వు వొండిన పొద్దు."

మారు అంటే రెండోసారి వడ్డించమని అడగడం. ఆ వైపు విందుల్లో అంతకు మించిన మెచ్చుకోలు లేదు. వడ్డించేవాడి చెవులు ఆ మాట కోసమే నిక్కబొడుచుకుని ఉంటాయి. అయితే ముత్యాలమ్మ పుట్టింట్లో గానీ మెట్టినింట్లో గానీ, చుట్టాల పెండ్లిళ్ళలో గానీ మారు అడిగిన మనిషి కాదు. పెట్టింది తిని, ఆకు మడిచి, చెయ్యి కడుక్కునేది. వచ్చే జన్మలో వస్తానని చెప్పినా అంజనప్పకు ఇంత దిగులు కలిగేది కాదు.

పక్క ఇంట్లో అతని అక్క హనుమక్క ఉండేది. భర్త పోయాక మేకల మందతోనూ, నడుమెత్తు దాటని ఒక పుంగనూరు ఆవుతోనూ కాపురం చేస్తున్న మనిషి. ఆమె గోడ మీదుగా తల పెట్టి, ఒళ్ళో గరిటెతో కూర్చున్న తమ్ముణ్ణి చూసింది.

"పెండ్లాన్ని పంపించి గరిటెను మిగుల్చుకున్నావా? మంచిదే లేరా. దానికే తల దువ్వి పూలు పెట్టుకో."

రెండేళ్ళు గడిచాయి. అంజనప్ప కుప్పంలో ఏ విందుకు వెళ్ళినా ముత్యాలమ్మకు ఏదో ఒకటి పంపేవాడు. తలకాయ పులుసు పంపాడు, బొమ్మిడాల వేపుడు పంపాడు, నెయ్యి కారే ఓళిగలు, అవే బొబ్బట్లు, పంపాడు. గిన్నెలు కడిగి బోర్లించినంత శుభ్రంగా తిరిగొచ్చేవి. ఒక్క గిన్నె కూడా "ఇంకా ఉందా?" అనే మాట మోసుకురాలేదు.

అప్పుడు ద్రాక్షపండ్లు వచ్చాయి.

పుంగనూరు దారిలో ఒక రైతు నల్లద్రాక్ష తోట పెట్టాడు. కోత వేళ అకాల వాన కురిసి పండ్లన్నీ పగిలాయి. బెంగుళూరు బేరగాడు గుత్తి ఎత్తి చూసి, దించి, బస్సెక్కిపోయాడు. ఆ రైతు ఇంట్లో వంటకు వచ్చిన అంజనప్ప, పందిరి కింద గంపల్లో ఊదారంగు కన్నీళ్ళు కారుస్తున్న ఆ పండ్లను చూశాడు. ముక్కు ముందుకెళ్ళింది. వెనకాలే మనిషి వెళ్ళాడు. గంపల మీదికి వంగగానే ఇరవై ఏళ్ళ కిందటి ఒక వాసన వచ్చి అతని భుజం తట్టింది.

కుర్రతనంలో అతడు మదనపల్లె దగ్గర హార్సిలీ కొండ మీద, వేసవికి దొరలూ అధికారులూ దిగే ఒక బంగళాలో పళ్ళేలు కడిగాడు. అక్కడ ఒక ముసలి దొర భోజనం చేయడం తలుపు సందులోంచి చూశాడు. ఒక మాంసం ముక్క, ఒక గుక్క ఎర్ర వైను. మళ్ళీ ముక్క, మళ్ళీ గుక్క. మధ్యలో కళ్ళు మూసుకుని, ఎవరో దూరంగా పాడుతుంటే వింటున్నట్టు తల ఊపేవాడు. ఆయన తాగడం అంజనప్పకు వింత కాలేదు. తింటూ తాగడమే వింత అయింది. ఆ సీమలో తాగుడుకూ తిండికీ వియ్యం లేదు. తాగేవాడు చెరుకుతోట గట్టు చాటున తాగుతాడు. వేయించిన శనగలో, ఉప్పు మిరపకాయో నంజుకుంటాడు. తర్వాత నోరు పుక్కిలించి, దొంగలా ఇంటికొచ్చి, తల వంచుకుని రాగిసంగటి తింటాడు. గట్టు చాటుకూ విస్తరాకుకూ మధ్య ఊరంత దూరం. ఆ దొర ఆ దూరాన్ని ఒక గాజు గ్లాసులో పెట్టి మింగేస్తున్నాడు.

బంగళా వంటవాడు సీసాలు ఖాళీ అయిన కాలంలో తానే జాడీల్లో వైను పెట్టేవాడు. ఆ పని అంజనప్ప చేతులకు గుర్తుంది. పగిలిన పండ్లు గంపలకొద్దీ ఇంటికి తెచ్చి, పిసికి, చక్కెర కలిపి, తొక్కలతో సహా పెద్ద ఊరగాయ జాడీల్లో పోసి, మూతికి పంచె గుడ్డ కట్టాడు. రెండో రోజు నుంచి జాడీలు గుసగుసలాడడం మొదలుపెట్టాయి. హనుమక్క వచ్చి చెవి ఆనించి విన్నది.

"ఏమో సెప్పుకుంటాండాయిరా. నీ గురించే ఉంటాది."

ఊరిన రసాన్ని వడగట్టి రుచి చూస్తే తియ్యటి పులుపు ముందు నాలుకను పలకరించి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయింది. వాకిట్లో నిలబడి క్షేమం అడిగి పోయే చుట్టంలా ఉంది. దాన్ని లోపల కూర్చోబెట్టడానికి వగరు కావాలి. కొండ అడుగున నేరేడు పండ్లు రాలే కాలం అది. అవి తెచ్చి మరో జాడీ పెట్టాడు. రెండూ కలిపితే చుట్టం కూర్చున్నాడు గానీ, ముఖం గంటు పెట్టుకుని కూర్చున్నాడు. నవ్వించేది ఇంకేదో కావాలి.

శ్రావణంలో కుప్పంలో ఒక పెండ్లి పడింది. పని ముగించుకుని అంజనప్ప బస్టాండుకు పోవాల్సినవాడు, కాళ్ళు ఎటు తీసుకెళ్తే అటు వెళ్ళాడు. ముత్యాలమ్మ అన్న ఓబులప్ప తోట గట్టు మీద ఆకు కోయకుండా వదిలేసిన ఒక ముసలి మల్బరీ చెట్టుంది. దాని నిండా నల్లగా, గొంగళిపురుగుల్లా పండ్లు. ఒకటి నోట్లో వేసుకున్నాడు. మెత్తటి తీపి, చివర్లో కాస్త కొంటెతనం. ముత్యాలమ్మ పెండ్లయిన కొత్తలో ఇలాగే నవ్వేది. అంతే, పంచె ఎగ్గట్టి చెట్టెక్కాడు.

"ఎవురప్పా ఆ చెట్టు మీద?"

కింద ముత్యాలమ్మ, చంకలో ఆకు గంపతో.

"నేనే."

"నేనంటే?"

"ఈ ఇంటి అల్లుణ్ణి."

"మా ఇంటల్లుడు వాకిట్లో వస్తాడే. కొమ్మల్లో రాడే."

"వాకిలి తీస్తారో తియ్యరో అని..."

"తియ్యరు. నీ పై గుడ్డలన్నీ తాలింపు వాసన. పురుగులుండే ఇల్లది. మిరపకాయ ఘాటు తగిలినా, బీడీ పొగ తగిలినా, తాగినోడు గడప తొక్కినా పురుగు మేత మానేస్తాదని మా అన్న మాట." ఆమె ఆకు గంప దించి, ఖాళీ బుట్ట ఒకటి చెట్టు మొదట్లో పెట్టింది. "ఏంటికి ఇన్ని పండ్లు?"

"ఒక వంటకు."

"మల్బరీ పండ్లతో వంటా? నీకు తిక్క ముదిరిండాది." వెళ్ళిపోతూ వెనక్కి తిరక్కుండా అంది, "పై కొమ్మలో బాగా మాగిండాయి."

ఆ రాత్రి బస్సులో అతడు ఆ చివరి మాటను ఒళ్ళో బుట్టలాగే జాగ్రత్తగా పట్టుకుని కూర్చున్నాడు.

మల్బరీ జాడీ కూడా ఊరాక, కార్తీకంలో మూడూ కలిపాడు. కొలత అడిగితే ఇలా చెప్పేవాడు: ద్రాక్షది ఇల్లంత, నేరేడుది వాకిలంత, మల్బరీది గడప మీద ముగ్గంత. అలా కలిపినది చివరికి మాట్లాడింది. పుంగనూరు వానా, మదనపల్లె కొండనీడా, కుప్పం నవ్వూ ఒకే గుక్కలో వచ్చాయి. రంగు మాత్రం, సూర్యుడు మునిగాక కొండ వెనక కాసేపు మిగిలే ఎరుపు.

ఇక దీనికి జోడు ఏదని వెతుకులాట. తినేది వండేవాడు తమ్ముడు, తీర్పు చెప్పేది అక్క. హనుమక్క గోడ మీద కూర్చుని ఒక చేతిలో గిన్నె, ఒక చేతిలో లోటా పట్టుకునేది.

ముందు ఊరుబిండి. వేయించిన శనక్కాయలూ ఎండుమిరపకాయలూ నూరిన ఆ పచ్చడి నోట పెట్టుకుని వైను తాగగానే హనుమక్క కండ్లు చెమ్మగిల్లాయి. "గడ్డివామిలో నిప్పు పడినట్టుండాది. తీసెయ్."

చింతకాయ తొక్కు. "పులుపూ పులుపూ కొట్లాడుకుంటాండాయి. మధ్యలో నా నోట్లో పండ్లేం పాపం చేసినాయి?"

ఓళిగ. "అది తిని ఇది తాగితే ఇది ముఖం మాడ్చుకుంటాండాది. తీపికి దీనికి సవతి పోరు."

మిరియాలు వేసి ఉడికించిన మేక కాలేయం. హనుమక్క గుక్కలో తాగేసింది. లోటా ముందుకు చాపింది.

ఉలవల కట్టు పోసిన సంగటి. "ఇది మన్ను, అది వాన," అంది. ఆమె నోట అలాంటి మాట వచ్చినందుకు ఆమే ఉలిక్కిపడి, మేకల్ని తిట్టడానికి లేచి వెళ్ళింది.

పితికిపప్పు. అనపగింజలు నానబెట్టి, వేళ్ళతో ఒక్కొక్కటి నొక్కితే తొక్క జారి బయటపడే ఆ పచ్చటి పప్పు, కొబ్బరి పాలల్లో ఉడికి వెన్నలా కరుగుతుంటే, వైను వచ్చి దాని చెయ్యి పట్టుకుంది. చివరగా, అప్పుడే ఈనిన పుంగనూరు ఆవు జున్ను. బెల్లం వేయకుండా, ఉప్పూ మిరియాలూ చల్లినది. అది తిని ఒక గుక్క తాగి హనుమక్క చాలాసేపు ఆవు వైపే చూసింది.

"ఈ సంగతి దానికి తెలియనియ్యద్దురా. పాలన్నీ దూడకే దాపెట్టుకుంటాది."

మాఘమాసంలో ఓబులప్ప మనవడికి పుట్టువెంట్రుకలు తీయించాలనుకున్నారు. వేట కొట్టి బంధువులకు భోజనం పెట్టాలి. అయితే ఇంట్లో పురుగులు పెద్ద మేత మీదున్నాయి. నాలుగో నిద్ర లేచి, రేయింబవళ్ళు ఆకు నమిలే దశ అది. తాలింపు వేయకూడదు, మిరపకాయ వేయించకూడదు అనగానే పిలిచిన వంటవాళ్ళందరికీ ఆ రోజే వేరే పని తగిలింది. ఓబులప్ప భార్య శారదమ్మ చివరికి పుంగనూరుకు కబురంపింది: "అన్నా, అయినోడివి నువ్వే కాదంటే ఎట్ల?"

అంజనప్ప ఎగిరి గంతేశాడు. తర్వాత కూలబడ్డాడు. తాలింపు లేని అంజనప్ప అంటే పాట రాని కోయిలే కదా! ముత్యాలమ్మ ఆ పంక్తిలో కూర్చుంటుంది. ఆమె మారు అడగాలి. అందుకు చేతిలో ఉన్నది ఉడికించడం ఒక్కటే. అతని చూపు మూలనున్న జాడీ మీద పడింది.

బస్సులో జాడీని తువ్వాలుతో చుట్టి పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్కన హనుమక్క, జున్ను గిన్నెతో. పలమనేరు దాటాక కండక్టరు వంగి చూశాడు.

"ఏందప్పా అది?"

"మా వోని పెండ్లాము," అంది హనుమక్క. "ఇప్పటికి నీళ్ళుగా ఉండాది. తిరిగొచ్చేటప్పటికి మనిషయితాదని ఆశ."

ఓబులప్ప ఇంటి పెరట్లో, పురుగుల గదికి దూరంగా, గాలివాలుకు పొయ్యి పెట్టారు. ఓబులప్ప బండరాయిలాంటి మనిషి. మీసం తెల్లబడినా చూపు నల్లగానే ఉంది. పొయ్యి చుట్టూ ఒక చుట్టు తిరిగి, "ఘాటు రాకూడదు," అని, ఇంకో చుట్టు తిరిగి మళ్ళీ అదే అన్నాడు. అంజనప్ప మాంసాన్ని మిరియాలూ కొబ్బరీ వేసి మూతపెట్టి సన్నమంట మీద ఉడికించాడు. పితికిపప్పు కూడా అలాగే. రుచి చూస్తే అన్నీ ఉన్నాయి, ఏదీ లేచి నిలబడలేదు. నగలు తీసి పక్కన పెట్టిన పెండ్లికూతుళ్ళలా ఆ కూరలు తల వంచుకుని ఉన్నాయి.

అతని పథకం చిన్నది. ఆడవాళ్ళ పంక్తి కూర్చున్నాక, ముత్యాలమ్మ విస్తరి పక్కన ఒక చిన్న గ్లాసు పెట్టాలి. అంతే. జాడీలోంచి ఇత్తడి బిందెలోకి వంచి, అరటాకు కప్పి, పందిరి మూల పెట్టాడు.

మగవాళ్ళ పంక్తి మొదలైంది. సంగటి ముద్దలు, మాంసం, పప్పు వడ్డించారు. గాలికి అరటాకు పక్కకు జరిగింది. మొదటి విస్తరి ముందు కూర్చున్న ఓబులప్ప ఆ ఎర్రటి ద్రవం చూశాడు.

"అదేందది?"

అంజనప్ప నోరు తెరిచాడు. చెప్పేలోగా ఓబులప్పే అందుకున్నాడు.

"పండ్ల పులుసా? తాలింపు లేని విందుకని పెట్టినావా? బాగుండాది నీ తెలివి!" ఓబులప్ప సంగటి ముద్ద నడిమధ్య బొటనవేలితో గుంట చేశాడు. ఆ సీమలో పులుసేదైనా పోయించుకునేది అలాగే. ముద్దలోనే గిన్నె. "పొయ్ అప్పా ఈడ."

ఇది వైను అంటే జాడీతో సహా వీధిలో పడేస్తాడు. ముత్యాలమ్మ మాట అక్కడితో సరి. పులుసే అంటే అబద్ధం. అంజనప్ప రెండూ అనలేదు, పోశాడు.

ఓబులప్ప ఎర్రబడిన సంగటి తుంచి, మాంసం ముక్కతో కలిపి మింగాడు. నమలడం ఆపాడు. మీసం కదిలింది. పక్కవాళ్ళంతా ఆయన ముఖం చూస్తున్నారు.

"ఇట్లాంటి పులుసు మా నాయన కాలంలో కూడా లేదురా. పొయ్ అందరికీ!"

పందిరి పొడుగునా బొటనవేళ్ళు సంగటి ముద్దల్లో దిగాయి. అంజనప్ప బిందె పట్టుకుని, గుంట గుంటకూ వంగుతూ నడిచాడు. తలవంచుకున్న మాంసం తల ఎత్తింది. పప్పు పచ్చగా నవ్వింది. హనుమక్క వెనకాలే వచ్చి ప్రతి ఆకులో ఒక జున్ను ముక్క పెట్టి, "ఇది తిని ఇంగొక గుంట చేసుకో నాయనా," అని చెప్పుకుంటూ పోయింది. మెల్లగా పంక్తి గొంతు పెరిగింది. ఎప్పుడూ పలకరించుకోని ఇద్దరు దాయాదులు ఒకరి ముక్కలు ఒకరి ఆకులో వేసుకున్నారు. ఓబులప్ప చేయి కడుక్కుని అరుగు మీద కూర్చుని, శారదమ్మను పిలిచి, "ఇన్నేండ్లుగా సంగటి గిలుకుతాండావు, ఒక్కనాడు ఉండ కట్టలేదే! నీ చెయ్యి బంగారమే!" అన్నాడు.

శారదమ్మ గాబరాగా లోపలికి పరుగెత్తింది. "జొరమొచ్చిందేమో, ఎవురైనా చెయ్యి పట్టి సూడండమ్మా!"

ఆడవాళ్ళ పంక్తి కూర్చుంది. అంజనప్ప బిందెతో ముత్యాలమ్మ ముందుకొచ్చాడు. ఆమె ముందు బిందెలోకి చూసింది, తర్వాత అతని ముఖంలోకి.

"ఏంది ఇది?"

"పులుసు."

"పులుసా?"

"మీ అన్న అట్లంటాండాడు. పెద్దోళ్ళ మాట కాదనేదెట్ల?"

ముత్యాలమ్మ పెదవి చివర ఒక ముడత పడి మాయమైంది. ఆమె సంగటిలో గుంట చేసింది. తొందర లేకుండా తిన్నది. అంజనప్ప పంక్తి చివరి దాకా వెళ్ళి వచ్చాడు, వెళ్ళి వచ్చాడు. ప్రపంచంలో చూడదగింది ఇంకేమీ లేనట్టు పందిరి కొబ్బరాకుల్ని చూశాడు. ఆమె ఆకు ఖాళీ అయింది. ఇప్పుడు మడుస్తుంది అనుకున్నాడు. ఆమె చేయి ఆకు అంచు మీద ఆగింది.

"మారు."

అతడు బిందెతో ఒక్క అంగలో వచ్చాడు. హనుమక్క ఆ చివరి నుంచి కేక పెట్టింది. "ఇంగోసారి అను ముత్యాలూ! మా వోడికి కాళ్ళు నేలకు ఆనలేదు!"

"మారంటిని వదినా, మారు! ఊరంతా దండోరా ఎయ్యాల్నా?" మళ్ళీ వడ్డించింది తిని, చేయి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ అతని దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "మల్బరీ మా గట్టుదే. మిగతావి ద్రాక్షా, నేరేడా? సరే. ఒక్క మాట అడుగుతా. దీన్ని పొయ్యి మీద పెట్టినావా?"

"లేదు."

"నువ్వు వొండిన కూడు అంటిని నేను. ఇది వొండింది కాదే, దానంతట అది ఊరింది."

అంజనప్ప ముఖం బిందె అడుగులా బోసిపోయింది. రెండేళ్ళకు పైగా వేచి, మూడు ఊళ్ళ పండ్లు కలిపి, ఆ మాట చెవులారా విన్నాక, అది చెల్లదట!

అతడు జవాబు వెతుక్కునేలోగా పురుగుల మేత వేళ అయింది. ఓబులప్ప అరుగు దిగి, ఆకు గంప ఎత్తి, కూనిరాగం తీస్తూ గది వైపు నడిచాడు. హనుమక్క గది గడపకు అడ్డంగా నిలబడింది. తన వాటా తాను తాగే ఉంది కాబట్టి ఆమెకు భయం లేదు.

"ఓబులప్పా, తాగినోడు ఈ గడప తొక్కగూడదని కదా నీ మాట?"

"ఎవుడు తాగింది?"

"పండ్లు నెలలకొద్దీ జాడీలో ఊరితే పులుసవుతాదా నాయనా?"

ఓబులప్ప కూనిరాగం ఆగిపోయింది. ఆయన నాలుకతో పళ్ళు తడుముకున్నాడు. అరచెయ్యి వాసన చూసుకున్నాడు. భార్య సంగటిని మెచ్చుకున్న సంగతి గుర్తొచ్చింది. అంజనప్ప వైపు చూసిన ఆ చూపుకు పొయ్యిలో మిగిలిన నిప్పు కూడా ఆరిపోవాలి. కానీ గంప దించాడు.

"నా మాట నేనే దాటితే దానికేం మర్యాద? నేను పోను. తాగనోళ్ళెవురో పోండి."

చుట్టూ చూశాడు. పంక్తిలో కూర్చున్నవాళ్ళంతా నేల చూశారు. శారదమ్మ కూడా, అందరికంటే ఎక్కువగా. లోపల తట్టల్లో వేల పురుగులు తలలెత్తి ఆకు కోసం గాలిని వెతుక్కుంటున్నాయి. వండినవాడు చివర తింటాడు కాబట్టి, ఆ పెరట్లో చుక్క ముట్టనివాడు ఒక్కడే మిగిలాడు.

"నువ్వా!" అన్నాడు ఓబులప్ప. ఆ ఒక్క మాటలో పదేళ్ళ తిట్లున్నాయి. "పో. తానం చేసి, గుడ్డలు మార్చుకోని పో. ఎట్ల ఎయ్యాల్నో ముత్యాలు బయట నుంచి సెప్తాది."

అంజనప్ప బావి దగ్గర తల మీద నీళ్ళు పోసుకుని, శారదమ్మ ఇచ్చిన ఉతికిన పంచె కట్టి, మొదటిసారి ఆ గది గడప దాటాడు. లోపల చల్లటి చీకటి, పచ్చి ఆకు వాసన. ముత్యాలమ్మ గడప అవతల చతికిలపడి చెబుతోంది. "అంచుల్లో పలచగా ఎయ్యి. నడుమ రొంత మందంగా. ఇసరద్దు, పరువు." అతడు పరిచాడు. ముందు నిశ్శబ్దం. తర్వాత ఎక్కడో ఒక చినుకు. తర్వాత గదంతా వాన. వేల నోళ్ళు ఆకు కొరికే ఆ సవ్వడిలో అంజనప్ప కదలకుండా నిలబడిపోయాడు. ఇన్నేళ్ళ వంటలో ఇలా తినడం వినలేదు. ఉప్పు లేదనలేదు, కారం ఎక్కువనలేదు. చూస్తుండగానే మొదటి తట్ట ఖాళీ అయింది.

"ఇంగా తలలెత్తుతాండాయే," అన్నాడు.

"ఆకలి మీదుండాయి. ఇంగ రొంత ఎయ్యి."

"అంటే మారు అడుగుతాండాయా?"

"ఊఁ."

"ఇవి మీ ఇంటోళ్ళే గదా. ఇంతమంది మారు అడిగినారు. లెక్కకొస్తాదా?"

గడప అవతల ముత్యాలమ్మ నవ్వింది. పురుగులున్న ఇంట్లో అంత గట్టిగా నవ్వకూడదని గుర్తొచ్చి కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు కదిలేలా నవ్వింది.

"పురుగులు గూళ్ళు కట్టేదాకా ఈడనే ఉండు," అంది ఊపిరి తిరిగాక. "రెండు పూటలా నా చేతి కూడు తిను. ఒక్క వంక పెట్టినావంటే పలమనేరు బస్సు ఎక్కిస్తా."

అతడు ఉన్నాడు. ఆమె వండింది తిన్నాడు. నాలుకను దవడ మూలకు నెట్టి, ముక్కును కిందికి దించి, మాట్లాడకుండా తిన్నాడు. పురుగులు మేత మాని, పసుపు రంగుకు తిరిగి, గూళ్ళు కట్టేందుకు అల్లిన వెదురు చంద్రికల మీదికెక్కి, దారం తీసి తమలోకి తాము ముడుచుకున్నాయి. బంగారు రంగు గూళ్ళు బస్తాలకెత్తి ఓబులప్ప బండి కట్టాడు. కాడి మీద చెయ్యేసి, అంజనప్ప వైపు చూడకుండా గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే యేడు మొక్కుబడి ఒకటుండాది. గూళ్ళు అమ్మేసినాకే పెడ్తా. ఆ పులుసు..." ఒక్క క్షణం ఆగాడు. "పులుసే లే. రెండు జాడీలు తీసకరా."

బండి కదిలిపోయింది. ఆ మధ్యాహ్నం ముత్యాలమ్మ పప్పు, సంగటి వడ్డించింది. అంజనప్ప మొదటి ముద్ద నోట పెట్టుకున్నాడు. పప్పులో ఉప్పు లేదు. తక్కువ కాదు, గడప దాకా రావడమూ కాదు. అసలు బయల్దేరనే లేదు. ముక్కుపుటాలు అదిరాయి. కళ్ళెత్తితే ముత్యాలమ్మ ఎదురుగా కూర్చుని, విసనకర్రతో తనకు తాను విసురుకుంటూ, అమాయకంగా అతన్నే చూస్తోంది. ఉప్పు గురుగు ఆమె వెనకాల దాగి ఉంది, మూత మాత్రం కనిపిస్తోంది.

అంజనప్ప ముద్ద మింగాడు. ఇంకో ముద్ద మింగాడు. ఆకు చివరి దాకా తుడిచి తిన్నాడు. నీళ్ళు తాగాడు. తర్వాత ఆకును రెండు చేతులతో ఆమె వైపు నెట్టాడు.

"మారు."

ముత్యాలమ్మ విసనకర్ర పక్కన పెట్టి లేచింది. గురుగు కాలికి తగిలి దొర్లినా తిరిగి చూడలేదు. లోపలి నుంచి పెట్టె మూత తెరిచిన చప్పుడు, చీరలు మడిచిన చప్పుడు వినిపించాయి. బయటికొచ్చినప్పుడు ఆమె ఒక చేతిలో బట్టల మూట ఉంది, రెండో చేతిలో పప్పు గరిటె.